భుజం మీద చెయ్యి

ఆ ఊళ్ళో వయసు మళ్ళినవాళ్ళు ఎవరు నవ్వినా, ఆ నవ్వులో సగం వాటా పళ్ళాయనది. ఆయన వైద్యుడు కాడు. వైద్యుడు పీకి పారేసిన చోట మళ్ళీ ఇల్లు కట్టేవాడు. దవడ అచ్చులో ప్లాస్టరు పోయడం, ఆరాక దానిమీద మైనంతో చిగుళ్ళు దిద్దడం, ఒక్కొక్క పన్నూ గుచ్చి పైదీ కిందదీ సరిగ్గా కలుస్తున్నాయో లేదో చూసుకోవడం ఆయన పని. కిటికీ కింద బల్లమీద ఎప్పుడూ నాలుగైదు దవడలు నోళ్ళు తెరుచుకుని ఆరుతూ ఉండేవి. కొత్తవాళ్ళు వాటిని చూసి ఉలిక్కిపడితే, "భయపడకండి, అవి ఇంకా కరవడం నేర్చుకోలేదు" అనేవాడు.

ఆయన భార్య పక్క వీధిలోని కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించేది. ఊరివాళ్ళ పళ్ళు ఈయన చేతిలో, కళ్ళు ఆవిడ చేతిలో. చెవుల సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. ఈ కథలో వచ్చిన అనర్థమంతా అక్కడినుంచే వచ్చింది.

ఆ దంపతులకు పిల్లలు లేరు. సమాజం ఉంది.

సమాజం అంటే బృందగాన సమాజం. దాని చరిత్ర చెప్పాలంటే గొంతు సవరించుకుని, చొక్కా గుండీలు సర్దుకుని చెప్పాలి. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ కలిపి ఒకే నూలుమిల్లు ఉన్న రోజుల్లో, నేత విభాగం మేస్త్రీ ఒకాయన, మగ్గాల మోతలో పడి మనుషులు ఒకరి మాట ఒకరు వినడం మరిచిపోతున్నారని బాధపడి, పని దిగాక వాళ్ళను నూలు గిడ్డంగిలో మెట్లు మెట్లుగా నిలబెట్టి పాడించాడు. తరవాత మిల్లు పోయింది. మిల్లు యజమానులు పోయారు. వాళ్ళ అప్పులవాళ్ళు కూడా పోయారు. గిడ్డంగీ, చెక్కమెట్లూ, పాటా మిగిలాయి. మేస్త్రీ తరవాత ఆయన కొడుకు పాడించాడు. ఇప్పుడు మనవడు పాడిస్తున్నాడు. మనవడంటే కుర్రాడనుకునేరు. డెబ్బై దాటిన మనిషి. అందరూ పెద్దాయన అంటారు.

సమాజంలో ఒక ఆచారం ఉంది. అది దయలోంచి పుట్టింది. మేస్త్రీ కాలంలో ఒక ముసలి కార్మికుడి గొంతు చెడి, ఆయన పాడుతుంటే పక్కవాళ్ళ పాట కూడా దారి తప్పేది. వెళ్ళిపొమ్మనడానికి మేస్త్రీకి నోరు రాలేదు. సాధన జరుగుతుండగా వెనకనుంచి వెళ్ళి, ఆ ముసలాయన ఎడమ భుజం మీద చెయ్యి వేశాడు. ముసలాయనకు అర్థమయింది. ఆ రోజునుంచి పోయేదాకా ఆయన తన చోట్లోనే నిలబడి, అందరితోపాటు పెదవులు కదుపుతూ, చప్పుడు మాత్రం చేయకుండా ఉండిపోయాడు. ఎంత గొప్ప మనసని అందరూ కళ్ళు తుడుచుకున్నారు. దయ పిల్లప్పుడు ముద్దుగానే ఉంటుంది. నియమంగా ఎదిగాకే దానికి గోళ్ళున్నాయని తెలుస్తుంది.

నియమం ఇది. భుజం మీద చెయ్యి పడితే పాట ఆపాలి, పెదవులు ఆపకూడదు. ఎవరికీ చెప్పకూడదు, కట్టుకున్నవాళ్ళకు కూడా. పక్కవాడి భుజం మీద పడుతున్నా తల తిప్పి చూడకూడదు. సమాజం పాట సమాజంలోనే పాడాలి. ఇంట్లోనో వీధిలోనో పాడితే గొంతు అరుగుతుందని ఒకరూ, అలుసైపోతుందని ఒకరూ అనేవారు. అందువల్ల ఏ కాలంలోనైనా మెట్లమీద నిలబడ్డవాళ్ళలో పాడేవాళ్ళెందరో, నోళ్ళు ఆడించేవాళ్ళెందరో పెద్దాయనకు తప్ప దేవుడికి కూడా తెలియదు.

పళ్ళాయన సమాజంలో చేరింది పాట మీద ప్రేమతో కాదు. పని నేర్చుకునే రోజుల్లో ఒక సాయంత్రం గిడ్డంగి కిటికీ కిందనుంచి పోతూ ఆడవాళ్ళ వరసలోంచి ఒక గొంతు విన్నాడు. అది మిగతా గొంతుల్లో కలిసీ కలవకుండా, పాలలో మీగడలా పైకి తేలుతోంది. కాళ్ళు అక్కడే పాతుకుపోయాయి. ఆ గొంతు గల పిల్ల తండ్రి వెనక వరసలో పాడతాడని తెలిసి, వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డాడు. ఏడాది తిరిగేలోగా ఆయన మామగారయ్యాడు.

"అల్లుడుగారూ, దవడ పట్టుకు వేలాడకండి. పాట పొట్టలోంచి రావాలి" అనేవాడు మామగారు.

"దవడ నా వృత్తి మామగారూ."

"పొట్ట అందరి వృత్తీనూ!"

అలా అందరినీ నవ్వించిన మనిషి, చివరి రోజుల్లో మంచంమీద పడుకుని మాటిమాటికీ ఎడమ భుజం దులుపుకునేవాడు. ఏం పడిందని అడిగితే చెప్పేవాడు కాదు. అల్లుడు అది చీమలనుకుని దుప్పటి మార్పించాడు. అవి చీమలు కావని తెలియడానికి ఆయనకు చాలా ఏళ్ళు పట్టింది.

తెలిసింది ఒక గురువారం సాధనలో. పెద్దాయనకు ఒక అలవాటు. పాట మొదలుపెట్టించి, మెత్తటి అడుగుల చెప్పులతో మెట్ల వెనకకు వెళ్ళి, వరస వెంబడి నడుస్తూ వింటాడు. అడుగుల చప్పుడు ఉండదు. బుగ్గన పెట్టుకున్న లవంగం వాసన మాత్రం ముందు వస్తుంది. ఆ వాసన తగలగానే అందరి భుజాలూ కాస్త పైకి లేస్తాయి. దాటిపోయాక దిగుతాయి. ఆ రోజు వాసన పళ్ళాయన వెనక ఆగింది. ఆయన పాడుతూనే ఉన్నాడు. పిచ్చుక వాలినంత తేలిగ్గా ఒక చెయ్యి ఎడమ భుజం మీద వాలింది. వాలి, లేచిపోయింది.

పాట లోపలే ఆగిపోయింది. పెదవులు మాత్రం కదులుతున్నాయి. చుట్టూ ఎవరూ తల తిప్పలేదు. పాట కూడా అంతకుముందులాగే సాగిపోయింది. ఆయనను ఎక్కువ బాధపెట్టింది అదే.

ఇంటికి నడుస్తుంటే భార్య అంది: "ఇవాళ మీ గొంతు ఎంత బాగుందండీ! గంట కొట్టినట్టుంది. నాకైతే మీదొక్కటే వినపడింది."

తెలిసి ఓదారుస్తోందా? తెలియక పొగుడుతోందా? పళ్ళాయన ఆవిడ మొహం చూశాడు. వీధిదీపం కింద ఆ మొహంలో మెచ్చుకోలు తప్ప ఏమీ కనిపించలేదు.

"నీదీ బాగుంది" అన్నాడు. ఆవిడ ఎందుకో చీర చెంగు భుజాలచుట్టూ బిగించుకుంది.

ఆనాటినుంచి ఆయన సాధనకు పోవడం మానలేదు. మానితే తెలిసిపోతుంది. అంతకంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. పాడకుండా నిలబడితే ఆవిడ గొంతు మరింత బాగా వినపడుతోంది. ఆడవాళ్ళ మెట్లు ఎడమవైపు, కాస్త ముందుకు ఉంటాయి. ఆయనకు ఆవిడ సిగ తప్ప ఏమీ కనిపించదు. కనిపించకపోయినా ఏం? తల కాస్త అటు వంచితే చాలు, ఆ మీగడ గొంతు వచ్చి చెవిలో పడేది. తన పాట పోతే పోయింది, ఆ గొంతు ఉంది. దానిమీద కూడా ఆ చెయ్యి పడితే? ఆ ఆలోచన రాగానే మైనం దిద్దుతున్న వేలు జారి, ఎవరిదో పాపం చిరునవ్వు వంకరపోయేది.

నోరు ఆడించడంలో ఆయన త్వరలోనే ఆరితేరాడు. ఆరితేరాక పక్కవాళ్ళలో కూడా ఆ విద్యను పసిగట్టాడు. నిజంగా పాడేవాడి గొంతుముడి పైకీ కిందికీ ఆడుతుంది. అబద్ధం పాడేవాడి నోరు నిజం పాడేవాడి నోటికంటే బాగా తెరుచుకుంటుంది. కుడిపక్క రొట్టెల బట్టీ ఆయన నోరు గుహలా తెరిచాడు, గొంతుముడి రాయిలా ఉంది. ఎడమపక్క లెక్కల మాస్టారూ అంతే. కింది మెట్టుమీద మంగలీ అంతే. లవంగం వాసన వారం వారం వరసల వెనక తిరుగుతోంది. వీధిలో దీపాలు ఒక చివరనుంచి ఆరుతూ వస్తున్నట్టు గొంతులు ఆరిపోతున్నాయి. చివరికి మగవాళ్ళ వరసలో బాయిలరు పని చేసే ఆయన ఒక్కడి గొంతే మిగిలింది. ఒక గురువారం అదీ ఆగింది. ఎవరూ ఏమీ అనలేదు. ఏమైనా అనాలంటే ముందు తన సంగతి ఒప్పుకోవాలి కదా!

పైగా అప్పుడే సాకు కూడా దొరికింది. సమాజానికి నూరేళ్ళు నిండుతున్నాయి. పెద్ద కచేరీ. కచేరీ ముందు వారాల్లో గొంతు దాచుకోవడానికి సగం గొంతుతోనే సాధన చేయాలని పాత పద్ధతి. అందువల్ల పాట పలచబడితే అందరూ, "మిగతావాళ్ళు దాచుకుంటున్నారు" అనుకున్నారు. అంత మంది అంత శ్రద్ధగా దాచుకున్నది ఆ సమాజం చరిత్రలో లేదు.

ఆ రోజుల్లోనే పెద్దాయన కొత్త పళ్ళసెట్టు కోసం వచ్చాడు. కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు. పళ్ళాయన వెనక బల్లమీదనుంచి ఇనప పళ్ళెం తీయబోతే అది జారి, దవడలతో సహా నేలమీద పడింది. ఆ మోతకు వీధిలో కుక్క మొరిగింది. ఎదురుగా దుకాణంలో ఎవరో బయటికి తొంగిచూశారు.

పెద్దాయన కదలలేదు. కళ్ళు మూసుకుని లవంగం చప్పరిస్తున్నాడు.

పళ్ళాయన పళ్ళెం అక్కడే వదిలేశాడు. "నోరు ఇంకాస్త తెరవండి" అన్నాడు వెనకనుంచి. జవాబు లేదు. ముందుకు వచ్చి, మొహంలో మొహం పెట్టి అదే మాట అన్నాడు. పెద్దాయన ఆయన పెదవులవైపు చూసి, బుద్ధిగా నోరు తెరిచాడు.

మైనం ముద్ద కరిపించి తీశాక పెద్దాయన అన్నాడు: "ఏం చెప్పనయ్యా, ఈమధ్య అందరి గొంతులూ బూజు పట్టాయి. ఎవరిని విన్నా గుడ్డ అడ్డం పెట్టుకుని పాడినట్టుంది. తాతగారు పెట్టిన సమాజం. నూరేళ్ళ కచేరీలో తప్పులు పాడిస్తే ఆయనకు మొహం చూపించగలనా? అందుకే బియ్యంలో రాళ్ళేరినట్టు ఒక్కొక్కటీ ఏరుతున్నాను. మగాళ్ళవైపు అయిపోయింది. ఆడవాళ్ళ వరసలో ఇంకా ఒకటీ అరా ఉన్నాయి."

ఏరడం అయ్యేసరికి చేటలో బియ్యమే ఉండవని ఆయనకు తట్టినట్టు లేదు.

పళ్ళాయన మళ్ళీ వెనక్కి వెళ్ళాడు. అక్కడ నిలబడి, మామూలు గొంతుతో, స్పష్టంగా అన్నాడు: "పెద్దాయనా, మీకు వినపడటం లేదు. మా గొంతులు బాగానే ఉన్నాయి." జీవితంలో అంత ధైర్యంగా ఆయన ఎన్నడూ మాట్లాడలేదు. పెద్దాయన జేబులోంచి ఇంకో లవంగం తీసి బుగ్గన పెట్టుకున్నాడు.

ఎదురుగా వచ్చి అదే మాట అనడానికి నోరు రాలేదు. అందని ద్రాక్ష పుల్లన అంటారేమోనని ఒక భయం. ఇంకో భయం దానికి తాత. పెద్దాయనకు వినపడకపోవడం నిజమే, కానీ తన గొంతు చెడిపోవడం కూడా నిజమే అయితే? చెవిటివాడి తీర్పు అన్నివేళలా తప్పే కావాలని ఎక్కడుంది?

ఇక చేయగలిగింది ఒక్కటే. చెయ్యి పడకముందే భార్యను అక్కడినుంచి తప్పించాలి. ఆ సాయంత్రం ఆవిడ వంటగదిలో కూరగాయలు తరుగుతుంటే గుమ్మంలో నిలబడి అన్నాడు.

"ఇదిగో, ఈ కచేరీ మనం మానేద్దామా?"

కత్తిపీట మీద చెయ్యి ఆగింది. "ఎందుకూ?"

"ఊరికే. నీకూ ఓపిక తగ్గుతోంది..."

"నా ఓపికకేం వచ్చిందండీ? ఎవరైనా ఏమైనా అన్నారా?"

"ఎవరేమంటారు?"

"నా గొంతు బాగాలేదని మీకు అనిపిస్తోందా?"

"ఛ, నీ గొంతుకేం? ఊళ్ళో ఉన్నది అదొక్కటే."

ఆవిడ చేతిలో వంకాయ పక్కన పెట్టింది. "నూరేళ్ళ కచేరీ ముందు మానేస్తే జనం ఏమనుకుంటారో తెలుసా? నిలబడవలసిందే. మీరూ నిలబడాలి. మీ గొంతు వింటూ నిలబడటం తప్ప నాకింకేం సరదా ఉంది?"

ఆ మాటకు పళ్ళాయన గుమ్మంలోంచి మెల్లగా జారుకున్నాడు. వినడానికి బాయిలరాయన గొంతు కూడా లేని రోజుల్లో ఆవిడ ఏ గొంతు వింటోందో అడగాలని ఆయనకు తోచలేదు. తోచినా అడిగేవాడు కాడు.

చివరి సాధన నాటికి మొత్తం గిడ్డంగిలో ఒక్క గొంతు మిగిలింది. ఆడవాళ్ళ వరసలోంచి, సన్నగా, నిదానంగా, మీగడ తేలినట్టు. పళ్ళాయన తల వంచి విన్నాడు. చుట్టూ అంత చీకటిలో అదొక్కటీ వెలుగుతోంది. కచేరీ ఒక్కటి గడిస్తే చాలు, ఆ తరవాత ఏదో ఒక సాకు చెప్పి ఆవిడ పాటను దక్కించుకోవచ్చు. ఇంకొక్క సాయంత్రం.

ఆ సాయంత్రం వచ్చింది. గిడ్డంగికి సున్నం వేసి, కుర్చీలు వేశారు. ముందు వరసలో ఊరి పెద్దలు కాళ్ళమీద కాళ్ళు వేసుకుని, పాటను భరించడానికి సిద్ధంగా కూర్చున్నారు. పక్కగదిలో సమాజంవాళ్ళు వరసలు కట్టి, వేదిక ఎక్కేముందు ఒక్క చరణం సరిచూసుకుంటున్నారు. ఆ ఒక్క గొంతూ పాడుతోంది. పెద్దాయన నడుస్తున్నాడు.

లవంగం వాసన మగవాళ్ళ వెనకనుంచి దాటి ఆడవాళ్ళవైపు మళ్ళింది. పళ్ళాయన నూరేళ్ళ నియమాన్ని తుంగలో తొక్కి తల తిప్పాడు. పెద్దాయన వీపు కనిపించింది. ఆ వీపుకు అవతల తన భార్యా, ఆవిడ పక్కన పోస్టాఫీసులో తపాలా బిళ్ళలు అమ్మే ఆవిడా ఉన్నారు. పెద్దాయన చెయ్యి లేచింది. ఎవరి భుజం మీద వాలిందో కనిపించలేదు.

పాట ఆగింది.

"పదండి, పదండి, వేళయింది" అన్నాడు పెద్దాయన ఉత్సాహంగా.

పళ్ళాయన వేదికమీద మెట్లు ఎక్కి తన చోట్లో నిలబడ్డాడు. పోయింది. ఆవిడదీ పోయింది. ఇంతమందిలోనూ ఆ ఒక్క గొంతూ విని బతికాడు, దాన్ని కాపాడుకోలేకపోయాడు. ఎదురుగా నిలబడి ఒక్క మాట అనలేకపోయాడు. పెద్దాయన అందరివైపూ తండ్రిలా చూసి, చెయ్యి ఎత్తి, దించాడు.

నోళ్ళన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. కిటికీ కింద ఆరుతున్న దవడల్లా ఉన్నాయి. ఒక్క చప్పుడు లేదు.

పెద్దాయన చేతులు గాలిలో తేలుతున్నాయి. కళ్ళు అరమోడ్పులయ్యాయి. ఆయనకు పాట వినపడుతోంది. ఏ కాలం పాటో, ఏ గొంతులతోనో, హాయిగా వినపడుతోంది. ముందు వరసలో ఒక పెద్దమనిషి చెవిలో వేలు పెట్టి ఆడించుకున్నాడు. వెనకెక్కడో కుర్చీ కిర్రుమంది. మెట్లమీద ఉన్నవాళ్ళ మొహాల్లో భయం మెల్లగా పాకింది. మిగతావాళ్ళు పాడతారని ప్రతివాడూ అనుకున్నాడు. ఆ మిగతావాళ్ళందరూ వీళ్ళే.

పళ్ళాయన భార్యవైపు చూశాడు. ఏడుస్తూ ఉంటుందనుకున్నాడు. ఏడుస్తున్నది ఆవిడ కాదు, పక్కనున్న పోస్టాఫీసావిడ. పెదవులు ఆడిస్తూనే, చేతిరుమాలు నలుపుతూ ఏడుస్తోంది. భార్య మాత్రం ఎన్నాళ్ళనుంచో చేయి తిరిగినదానిలా పెదవులు చక్కగా కదుపుతూ, మెడ పక్కకు తిప్పి మొగుడినే చూస్తోంది. ఆయన గొంతుముడినే చూస్తోంది. చూసి చూసి, నూరేళ్ళ కచేరీలో, నిండు సభలో, పైకే అంది:

"మీరు కూడానా?"

ఆ రోజు సమాజం గొంతులోంచి వచ్చిన శబ్దం అదొక్కటే. గోడలకు తగిలి చివరి కుర్చీ దాకా వినపడింది. వినపడనిది పెద్దాయనకే. ఆవిడ పెదవులు వరస తప్పాయని మాత్రం కనిపెట్టి, నొసలు ముడిచి, ఎడమచేత్తో అందరికీ సైగ చేశాడు: ఇంకాస్త మెల్లగా.

పళ్ళాయన మెట్టు దిగాడు. పాట మధ్యలో వరస వదిలినవాడు అంతకుముందు ఎవరూ లేరు. చెక్కలు కిర్రుకిర్రుమంటుండగా ఎడమవైపు వెళ్ళి భార్య చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ పక్క తలుపులోంచి బయటికి నడిచారు. మిగిలినవాళ్ళు నోళ్ళు ఆడిస్తూనే ఉన్నారు. పెద్దాయనకు చెప్పే ధైర్యం ఎవరికుంది? వీధి మలుపు తిరిగేసరికి వెనకనుంచి చప్పట్లు వినపడ్డాయి. ముందు ఒకటీ రెండూ, తరవాత బోలెడు. అర్థం కానిదాన్ని ఊరి పెద్దలు గౌరవించడం ఎన్నడూ మానలేదు.

ఇద్దరూ ఇల్లు చేరారు. వంటగదిలో దీపం వేశాక ఆయన అడిగాడు.

"ఎప్పుడూ?"

"మీకంటే ముందే అయ్యుంటుంది. ఆ చలికాలం, నాకు దగ్గు పట్టుకుందే, అప్పుడు. మీకు తెలిస్తే రావడం మానేస్తారని చెప్పలేదు."

"మరి నేను విన్న ఆ గొంతు?"

"ఏ గొంతు?"

"పైకి తేలుతూ, మీగడలా..."

"పోస్టాఫీసావిడది. మంచి గొంతు పాపం." అని ఆగింది. "మరి ఆ గంట కొట్టినట్టుండే గొంతో?"

"బాయిలరాయనది."

"అయ్యో రామా! ఇన్నాళ్ళూ నేను ఆ బొగ్గుమసి మనిషిని మెచ్చుకున్నానా?"

"నేను బిళ్ళలమ్మే ఆవిడను."

"అదీ ఆగిపోయాక మీరు సగం గొంతుతో పాడుతున్నారనుకున్నా. కాస్త నెమ్మదిగా వినపడుతున్నట్టు కూడా అనిపించింది."

ఆవిడ నవ్వబోయింది, నవ్వు రాలేదు. ఆయన కుర్చీలో కూలబడ్డాడు. పాలలో మీగడ కోసం ఇన్నేళ్ళు తల వంచాడు. అది పొరుగింటి పాలు. అయితే కిటికీ కింద విన్న ఆ మొదటి గొంతు ఎవరిది? అడగాలనుకున్నాడు. జవాబుకు భయపడి మానేశాడు.

"ఒకసారి పాడు" అన్నాడు బదులుగా.

"ఇక్కడా? ఇంట్లోనా?"

"నీ గొంతు ఇప్పుడెలా ఉందో నాకు తెలియదు."

"నాకూ తెలియదండీ."

ఆవిడ నోరు తెరిచింది. పెదవులు కదిలాయి, చప్పుడు రాలేదు. అంతకాలం నేర్చిన విద్య మరి. మళ్ళీ తెరిచింది. ఈసారి ఏదో వచ్చింది. తలుపు బందు కిర్రుమన్నట్టు, తుప్పు రాలుతున్నట్టు. అంతలోనే ఆగి, చటుక్కున వెనక్కి తిరిగి చూసింది. వెనక నీళ్ళ బిందె తప్ప ఏమీ లేదు.

"ఎవరూ లేరు" అన్నాడాయన.

"తెలుసు."

"మరి పాడు."

"మీరూ రండి."

ఆయన లేచి వెళ్ళి పక్కన నిలబడ్డాడు. మొదటి చరణం మొదలుపెట్టారు. ఆయనా వెనక్కి తిరిగి చూశాడు. రెండుసార్లు ఆగిపోయారు. బాగుందో బాగాలేదో ఇద్దరిలో ఎవరికీ తెలియడం లేదు. చివరికి ఆవిడే ఆయన చెయ్యి పట్టుకుని లాగి, గిన్నెల అల్మారా పక్కనున్న ఖాళీ గోడ దగ్గరికి తీసుకుపోయింది. ఇద్దరూ వీపులు గోడకు గట్టిగా ఆనించి, మధ్య చెయ్యి కూడా దూరనంతగా ఆనించి, మొదటినుంచి అందుకున్నారు.